పసిపిల్లతో తొలి విదేశీ ప్రయాణం: బెజవాడ, గుంటూరు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ముందు బీరువాలోంచి బిడ్డ జనన ధ్రువపత్రం తీసి చూడండి. ఆసుపత్రి పంపిన వివరాలతోనే పుట్టుక నమోదైపోతుంది కాబట్టి చాలా పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది. బారసాల నాడు పెట్టిన పేరును అందులోకి ఎక్కించాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకొన్ని పత్రాల్లో ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. దేశం ఎంచుకోవడం, టికెట్లు వెతకడం అన్నీ ఈ పత్రం సరిగ్గా ఉందని తేలాకే.

ఇది ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం. ప్రయాణానికి నాలుగు నెలల ముందు పని మొదలుపెడితే ఎక్కడా పరుగులు పెట్టనక్కర్లేదు.

మొదటి పని: పేరు, ఆ తర్వాత పాస్‌పోర్టు

పేరు గడి ఖాళీగా ఉంటే మీసేవలో పిల్లల పేరు చేర్చే సేవకు దరఖాస్తు పెట్టండి. పుట్టిన ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్చుకోవచ్చు. ఆ సమయంలోనే ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు. పత్రంలో ‘కె. ఆద్య’ అని ఉండి, దరఖాస్తులో ‘కొల్లి ఆద్య’ అని రాస్తే కౌంటరు దగ్గరే ఆపేస్తారు. తల్లిదండ్రుల పేర్లు కూడా వాళ్ల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అక్షరం అక్షరం సరిపోవాలి.

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. నీలం రంగు బాల ఆధార్ ఉంది కదా అని ధీమాగా వెళ్లవద్దు.

పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో దరఖాస్తు నింపేటప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, మొత్తం పేరును రెండో గడిలో రాసేయడం. దాని ఫలితం తర్వాత తెలుస్తుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లు పర్యాటక వీసా మీద రావడానికి వీల్లేదని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, పేరు గడిలో పేరు రాయండి. మీ సొంత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వాటినీ ఇప్పుడే సరిచేయించండి.

పిల్లల పాస్‌పోర్టుకు మామూలు రుసుము 1,000 రూపాయలు, ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు అందులో 10 శాతం తగ్గింపు. తత్కాల్ అయితే పైన మరో 2,000. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్జర్ డి అనే సమ్మతి పత్రం, ఇద్దరి పాస్‌పోర్టుల ఒరిజినల్స్, వాటి మొదటి, చివరి పేజీల నకళ్లు తీసుకెళ్లండి. తల్లి పాస్‌పోర్టులో తండ్రి పేరు, తండ్రి పాస్‌పోర్టులో తల్లి పేరు జీవిత భాగస్వామిగా నమోదై ఉంటే పని చాలా సులువు. ఒకరు విదేశంలో ఉండో, మరే కారణం వల్లో సంతకం కుదరకపోతే ఒక్కరే ఇచ్చే అనెక్జర్ సి ఉంది.

నాలుగేళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్టు కేంద్రంలో ఫొటో తీయరు, మనమే పట్టుకెళ్లాలి: 4.5 x 3.5 సెంటీమీటర్లు, తెల్ల నేపథ్యం. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి బిడ్డను పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో పైనుంచి తీస్తే చక్కగా వస్తుంది. కళ్లు తెరిచి, నోరు మూసి ఉండాలి. బుగ్గన దిష్టిచుక్క, నుదుట పెద్ద బొట్టు తుడిచేసి తీయండి, ఇంటికొచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు.

ఈ పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది. చాలా దేశాలు చేరే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి కాబట్టి, దాన్ని వాడుకోగలిగేది నాలుగున్నరేళ్లు అని లెక్క పెట్టుకోండి.

ఎక్కడికి, ఎప్పుడు

తొలి ప్రయాణానికి మా సలహా ఒకటే: నాలుగైదు గంటల విమానం, ఒక్క ఊరు, ఒక్క బస, ఐదారు రాత్రులు. ఏడు రోజుల్లో మూడు దేశాలు చూపించే ప్యాకేజీలు పెద్దవాళ్ల కాళ్ల కోసం తయారైనవి. పసిపిల్ల కొత్త గదికి, కొత్త మంచానికి అలవాటు పడటానికి రెండు రాత్రులు పడుతుంది. అలవాటు పడ్డ రోజే గది మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మన దగ్గరి నుంచి ఆ దూరంలో ఉన్నవి దుబాయ్, షార్జా, సింగపూర్, మలేసియా, థాయిలాండ్. శ్రీలంక ఇంకా దగ్గర. వీటిలో దేన్ని ఎంచుకోవాలో చెప్పేది బిడ్డ నిద్ర. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు పడుకునే పిల్లకు అక్కడ నిద్రొచ్చేసరికి పదకొండవుతుంది, పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా లేవదు. రాత్రిపూట తోటలు, దీపాలు చూడాలనుకునేవాళ్లకు ఇది కలిసొస్తుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అదే పిల్లకు అక్కడ ఏడింటికే కళ్లు మూతలు పడతాయి, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కూర్చుంటుంది. రాత్రి ఎడారి విందుకు డబ్బు కట్టి, పిల్లను భుజాన వేసుకుని తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ మంది ఈ లెక్క చూసుకోనివాళ్లే. థాయిలాండ్ గంటన్నర ముందు, అది పెద్ద తేడా కాదు.

ఎటు వెళ్లినా ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు నుంచి నిద్రవేళను రోజుకు అరగంట చొప్పున జరిపితే చాలు.

సంక్రాంతి సెలవులు దుబాయ్‌కి సరిగ్గా సరిపోతాయి. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ హాయిగా ఉంటుంది. మన వేసవి సెలవుల్లో అక్కడ మన బెజవాడ ఎండను మించిన వేడి. సింగపూర్‌లో ఏడాదంతా వాన పడుతుంది, నవంబరు నుంచి జనవరి దాకా కాస్త ఎక్కువ. ఫుకెట్ వైపు సముద్రం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నెమ్మదిగా ఉంటుంది, మన దసరా సెలవులకు అక్కడ అలలు ఎక్కువ.

టికెట్లు: గన్నవరమా, శంషాబాదా?

పాస్‌పోర్టు చేతికొచ్చాకే టికెట్లు కొనండి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మార్పుకు డబ్బు కట్టాలి.

గన్నవరం నుంచి షార్జాకు 2022 అక్టోబరు 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, సింగపూర్‌కు 2025 నవంబరులో ఇండిగో నేరు సర్వీసులు మొదలుపెట్టాయి. రోజులు, వేళలు మారుతుంటాయి కనుక కొనే రోజున చూసుకోండి. ధర రెండు మూడు వేలు ఎక్కువైనా పసిపిల్ల ఉన్న ఇంటికి గన్నవరం నేరు విమానమే మేలు. శంషాబాద్ దాకా కారులో పోయే ఐదారు గంటలు బిడ్డకు విమానం కంటే కష్టం.

గన్నవరం నుంచి ఇంకో ఊరి మీదుగా వెళ్లే పక్షంలో మొత్తం ప్రయాణాన్ని ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకోండి. దేశీయ టికెట్ ఒకటి, అంతర్జాతీయ టికెట్ ఇంకొకటి విడిగా కొంటే కొంత ఆదా కనిపిస్తుంది. కానీ మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. సామాను కూడా మీరే దింపుకుని మళ్లీ ఎక్కించాలి. మధ్యలో కనీసం మూడు గంటలైనా ఉండాలి.

రెండేళ్లలోపు బిడ్డ ఒడిలోనే ప్రయాణిస్తుంది, అంతర్జాతీయ విమానాల్లో సాధారణంగా పెద్దల టికెట్‌లో పదోవంతు దాకా తీసుకుంటారు. ఒక పెద్దవారి ఒడిలో ఒకే బిడ్డ. ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సొంత సీటు కొనాలి. ఈ ఒక్క సంగతి తెలియక వచ్చే దారిలో కౌంటరు దగ్గర అప్పటి ధరకు టికెట్ కొనాల్సి వస్తుంది. ఏడాదిన్నర దాటి, కాళ్లూ చేతులూ ఆడించే బిడ్డకు రెండేళ్లు నిండకపోయినా సీటు కొనమనే మేం చెబుతాం. 11 కిలోల పిల్లను నాలుగు గంటలు ఒడిలో పెట్టుకోవడం ఇద్దరికీ శిక్ష.

గోడకు తగిలించే ఉయ్యాల పెద్ద విమానాల్లో ముందు వరుసల్లోనే ఉంటుంది. చాలా సంస్థలు 10, 11 కిలోల దాకా ఒప్పుకుంటాయి. టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి అడగాలి. విమానం కుదుపుల్లో పడ్డప్పుడల్లా బిడ్డను అందులోంచి తీసి ఒడిలోకి తీసుకోమంటారని కూడా తెలిసి ఉండండి. చిన్న విమానాల్లో అది దొరకదు.

సీట్లు డబ్బు పెట్టి ముందే ఎంచుకోండి. ఒడిలో బిడ్డ ఉన్నవాళ్లను అదనపు ఆక్సిజన్ మాస్కు ఉన్న వైపే కూర్చోబెట్టాలి. చివరి నిమిషంలో ఆ సర్దుబాట్లలోనే అమ్మ ఒక వరుసలో, నాన్న పది వరుసల వెనక పడతారు.

వీసా, కాగితాలు

ఒడిలో ఉన్న బిడ్డకు కూడా వీసా విడిగా కావాలి. చేరడానికి ముందు నింపే ఆన్‌లైన్ కార్డులూ అంతే. సింగపూర్ అరైవల్ కార్డు, 2025 మే 1 నుంచి వచ్చిన థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డు రెండూ చేరే ముందు మూడు రోజుల లోపల, ప్రతి ఒక్కరికీ నింపాలి. రెండూ ఉచితమే. వెతికితే ముందుగా కనిపించే డబ్బు గుంజే సైట్లలోకి పోకుండా ప్రభుత్వ సైటులోనే నింపండి. యూరప్ వెళ్లేవాళ్లకు ఒక ఊరట: షెంగెన్ వీసాకు ఆరేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు, 12 ఏళ్లలోపు వాళ్లకు వేలిముద్రలు లేవు. 30,000 యూరోల వైద్య బీమా మాత్రం బిడ్డకూ ఉండాలి.

తల్లి ఒక్కతే లేదా తండ్రి ఒక్కడే బిడ్డను తీసుకెళ్తుంటే, రెండోవారి సమ్మతి పత్రాన్ని స్టాంపు పేపరు మీద ఇంగ్లిష్‌లో రాయించి నోటరీ చేయించండి. ప్రయాణ తేదీలు, దేశం, పాస్‌పోర్టు నంబర్లు, సమ్మతి ఇచ్చేవారి ఫోన్ నంబరు అందులో తప్పక ఉండాలి. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, బిడ్డకు తండ్రి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలే. అయినా ఇమిగ్రేషన్‌లో అడిగితే చూపడానికి జనన ధ్రువపత్రం, పెళ్లి నమోదు పత్రం చేతి సంచిలో ఉంచుకోండి. తాతయ్య, అమ్మమ్మలతో బిడ్డను పంపేటప్పుడు తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి.

ప్రయాణ బీమాలో బిడ్డ పేరు విడిగా ఉందా, ఆ పాలసీ ఏ వయసు నుంచి వర్తిస్తుంది, ఆసుపత్రిలో నగదు లేకుండా చేర్చుకుంటారా అన్న మూడూ కొనే ముందే చదవండి.

మందుల సంచి

ప్రయాణానికి మూడు వారాల ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మిగిలిన టీకాలు వేయించడానికి, ఆ టీకా జ్వరం తగ్గడానికి ఆ గడువు కావాలి. ఇవాళ్టి బరువు తూయించి, ప్రతి మందూ ఎన్ని మిల్లీలీటర్లో చీటీ మీద రాయించుకోండి, మందుల అసలు పేర్లతో.

మిల్లీలీటర్ల సంగతి ఎందుకంటే, పారాసిటమాల్ సిరప్ మన షాపుల్లో రెండు మూడు బలాల్లో దొరుకుతుంది. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. ఐదు మిల్లీలీటర్లలో 120 ఉన్న సీసా అయితే అది ఆరు మిల్లీలీటర్ల పైచిలుకు, 250 ఉన్న సీసా అయితే సరిగ్గా మూడు. ఇంట్లో అలవాటైన ఆరు మిల్లీలీటర్లను కొత్తగా కొన్న బలమైన సీసాలోంచి పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. పరాయి ఊళ్లో, అర్ధరాత్రి, నిద్రమత్తులో జరిగే పొరపాటు ఇదే. ఒకే బలం ఉన్న సీసా కొని, మూత మీద మార్కర్‌తో మిల్లీలీటర్లు రాసేయండి. మోతాదుకూ మోతాదుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకు నాలుగుకు మించకూడదు.

విరేచనాలకు 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపే చిన్న ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు ఆరు తీసుకోండి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడయ్యే తీపి డబ్బాలు వేరు, వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డబ్బాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

వీటితో పాటు డిజిటల్ థర్మామీటరు, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, డైపరు మంటకు జింక్ ఆక్సైడ్ క్రీము, వాంతుల మందు, దోమల క్రీము, కట్టుకట్టే పట్టీలు చాలు. బిడ్డ విమానంలో నిద్రపోవాలని జలుబు సిరప్ పట్టవద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని మన ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. పైగా కొందరు పిల్లలు ఆ మందుకు నిద్రపోకపోగా రెచ్చిపోతారు.

కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు పెద్దల సంచిలో కూడా ఉండకూడదు, యూఏఈ, సింగపూర్‌లలో అవి అనుమతి లేకుండా తేకూడని మందులు. వస, కరక్కాయ పొడి లాంటి చీటీలేని పొట్లాలు ఇంట్లోనే ఉంచండి. గల్ఫ్ వెళ్లేవాళ్లు మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, అక్కడ అవి నిషిద్ధం.

దారిలో తిండి

ఉగ్గు తిని పెరుగుతున్న బిడ్డకు విమానంలోనూ అదే పెడదామని అందరూ అనుకుంటారు. ఫ్లాస్కులోని వేడినీళ్లలో ఉగ్గుపిండి కలిపితే పైకి జారుగా కనిపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వేయించినా సరే, బియ్యం, పప్పు పిండి ఉడకాలంటే పొయ్యి మీద కొన్ని నిమిషాలు కుతకుతలాడాలి. విమానం లోపలి గాలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, నీళ్లు 100 డిగ్రీలకు చేరకముందే మరుగుతాయి. పైగా మన చేతికిచ్చేవి మరిగే నీళ్లు కూడా కావు. అరగని పిండితో బిడ్డ కడుపు ఉబ్బి ఏడుస్తుంది, చెవి నొప్పేమోనని మనం కంగారుపడతాం.

దీనికి విరుగుడు అటుకులు. వడ్లు నానబెట్టి, వేయించి, దంచితే వచ్చినవి కాబట్టి అవి ముందే ఉడికినంత పని. పుట్నాల పప్పూ అంతే. దొడ్డు అటుకులు 100 గ్రాములు సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు, వేళ్ల మధ్య నలిపితే పొడయ్యేదాకా వేయించండి. 25 గ్రాముల పుట్నాలు, చిటికెడు జీలకర్ర వేడిచేసి కలపండి. చల్లారాక మెత్తగా పట్టి జల్లించండి. వేడిగా ఉండగా పడితే ఆవిరికి ముద్ద కడుతుంది. మూడేసి చెంచాల చొప్పున చిన్న జిప్ కవర్లలో కట్టి, పైన పేరు, తేదీ రాయండి. తినే వేళకు ఒక కవరు పొడిలో 100 నుంచి 120 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, కలిపి, ఐదు నిమిషాలు మూతపెట్టి, మెదిపిన అరటిపండు కలపండి. ఇంటి నుంచి బస దాకా 14 గంటల ప్రయాణమైతే నాలుగు కవర్లు, ఆలస్యాలకు ఇంకో రెండు. ప్రయాణానికి వారం ముందు ఇంట్లో నాలుగైదుసార్లు పెట్టి, బిడ్డ తింటుందో, పడుతుందో చూసుకోండి.

కాచిన పాలు ఫ్లాస్కులో పోసుకుని బయల్దేరడం ఇంకో అలవాటు. గోరువెచ్చటి పాలు ఐదారు గంటల్లో చెడిపోతాయి. ఏడాది దాటిన పిల్లలకు 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాక్ పాలు తీసుకోండి, తెరిచింది తెరిచినప్పుడే అయిపోవాలి. డబ్బా పాలు తాగే బిడ్డకు పొడిని ఒక్కో సీసాకు సరిపడా విడిగా కట్టుకుని అప్పటికప్పుడు కలపండి, కలిపినవి రెండు గంటల్లో తాగకపోతే పారబోయండి. ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా వద్దు.

చేతి సంచిలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నా, బిడ్డ పాలు, నీళ్లు, ఆహారం, మందులు ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లనిస్తారు. తనిఖీలో విడిగా తీసి చూపించండి. ఆవకాయ, గోంగూర, నెయ్యి, కారప్పొడి చెక్-ఇన్ పెట్టెలోకే పోవాలి. ఎండు కొబ్బరి చిప్పలు మాత్రం అందులోనూ పెట్టకూడదు. నూనె ఎక్కువ కాబట్టి వాటిని మంట అంటుకునే వస్తువుల్లో చేర్చారు. అరిసెలు, సున్నుండలకు ఏ ఇబ్బందీ లేదు.

చేతి సంచి

మూడు రకాలుగా విడదీసి పెట్టుకుంటే చీకట్లో కూడా చెయ్యి పడుతుంది. డైపర్ల కవరు: ప్రయాణ గంటలను మూడుతో భాగించి నాలుగు కలపండి, 14 గంటలకు తొమ్మిది. ఒక్కో డైపరులో నాలుగు తడి తుడుపులు మడిచి, పక్కన చెత్తకు ఖాళీ కవరు పెట్టండి. విమానం బాత్రూములో అంతకంటే పెద్ద సంచి పట్టదు. బట్టల కవరు: బిడ్డకు రెండు జతలు, అమ్మకూ నాన్నకూ ఒక్కో చొక్కా. వాంతి ఎప్పుడూ ఎత్తుకున్నవాళ్ల మీదే పడుతుంది, పెద్దవాళ్ల బట్టలు చెక్-ఇన్‌లో ఉండిపోతాయి. మూడోది తిండి, మందులు.

బెజవాడ ఎండకు అలవాటుపడ్డ పిల్లలకు అసలు చిక్కు ఏసీ. విమానంలోనూ, అక్కడి మాల్స్‌లోనూ గంటల తరబడి చలిలో ఉంటారు. చెవులు కప్పే టోపీ, సాక్సు, పలుచటి పాత చీర ముక్క ఒకటి. అమ్మ వాసన ఉన్న ఆ గుడ్డ నిద్రకు ఏ బొమ్మకంటే బాగా పనిచేస్తుంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

బయల్దేరే రోజు

శంషాబాద్ నుంచి రాత్రి 2 గంటల విమానం అనుకుందాం. మూడు గంటల ముందు, అంటే 11కు అక్కడుండాలి. బెజవాడలో మధ్యాహ్నం బిడ్డ నిద్ర ముగిశాక 4 గంటలకు బయల్దేరండి. కీసర, చిల్లకల్లు టోల్ దాటి సూర్యాపేటకు ఆరున్నర, ఏడు అవుతుంది. బిడ్డకు అన్నం అక్కడ. కారులో వాంతులయ్యే పిల్లలకు బయల్దేరే ముందు కడుపునిండా పాలు పట్టకండి. కొర్లపహాడ్, పంతంగి దాటాక పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా నేరుగా శంషాబాద్. సంక్రాంతి ముందు, తర్వాత పంతంగి దగ్గర వాహనాలు గంటలకొద్దీ నిలిచిపోతాయి. ఆ రోజుల్లో ఇంకో మూడు గంటలు ముందే కదలాలి. గుంటూరు వాళ్లకు సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కట్‌పల్లికి వచ్చే దారి కూడా ఉంది.

వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకునే ఇళ్లు విమానం వేళకు లెక్కపెట్టవద్దు, మంచి గడియలో ఒక పెట్టెను ముందే పొరుగింట్లో ఉంచి వస్తే పెద్దల మనసూ కుదుటపడుతుంది.

విమానాశ్రయంలో తోపుడు బండికి చెక్-ఇన్ కౌంటరులో ట్యాగు వేయించుకుంటే విమానం తలుపు దాకా వాడుకోవచ్చు. దిగాక అది తలుపు దగ్గర ఇస్తారా, సామాను బెల్టు మీదికి వస్తుందా అని అక్కడే అడగండి. తనిఖీలో బండి మడిచి ఎక్స్‌రేలో పెట్టాలి, బిడ్డను ఎత్తుకుని వెళ్లాలి. నిద్రపోయే బిడ్డ అక్కడే లేస్తుంది, కాబట్టి తనిఖీ అయ్యాకే నిద్రపుచ్చండి.

పైకి లేచేటప్పుడు కంటే దిగేటప్పుడు చెవులు ఎక్కువ నొప్పి చేస్తాయి. బయట పీడనం పెరుగుతుంటే గొంతు నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం తెరుచుకోవాలి, పిల్లల్లో అది మరీ సన్నం. మింగితే తెరుచుకుంటుంది. నేలను తాకడానికి అరగంట ముందే దిగడం మొదలవుతుంది. అప్పటికి బిడ్డను నిద్ర లేపి, తల ఎత్తుగా పెట్టి, పాలో నీళ్లో గుక్క గుక్కగా తాగించండి. అందుకోసం చివరి సీసా దాచి ఉంచాలి. పైకి లేచేటప్పుడే మొత్తం తాగించేసినవాళ్లకు దిగేటప్పుడు ఇవ్వడానికి ఏమీ మిగలదు. చెవి నుంచి చీము, ఆగని చెవి నొప్పి, ఆయాసం ఉంటే డాక్టరు చూడకుండా విమానం ఎక్కవద్దు. మామూలు జలుబే అయితే దిగే ముందు ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి తుడవండి.

అక్కడ చేరాక

కారులో పిల్లలను బెల్టుతో కట్టి కూర్చోబెట్టే ప్రత్యేక సీటు మాట ముందే తేల్చుకోండి. యూఏఈలో నాలుగేళ్లలోపు పిల్లలకు అది తప్పనిసరి. సింగపూర్‌లో 1.35 మీటర్లలోపు పిల్లలకు కావాలి. మామూలు టాక్సీలకు మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. అందుకే సీటుతో వచ్చే గ్రాబ్ ఫ్యామిలీ లాంటిది పిలవాలి. సింగపూర్‌లో రైళ్లు, బస్సులు తోపుడు బండికి ఎంతో వీలుగా ఉంటాయి, 90 సెంటీమీటర్లలోపు పిల్లలకు పెద్దలతో ఉంటే టికెట్ లేదు.

బసలో చిన్న వంటగది ఉంటే సగం బాధ తీరినట్టే. పప్పన్నం ఉడికించి, దుకాణంలో దొరికే చప్పటి పెరుగు కలిపితే బిడ్డకు ఇల్లు దొరికినట్టుంటుంది. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల, దుబాయ్‌లో కరామా, బర్ దుబాయ్‌లలో సోనా మసూరి, కందిపప్పు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి, ఇక్కడి నుంచి మోసుకెళ్లనక్కర్లేదు. రెండు చోట్లా ప్లగ్గు మూడు చదరపు పుల్లలది, అడాప్టరు కావాలి.

మొదటి రోజు ఏ టికెట్లూ కొనవద్దు. తర్వాత రోజుకు ఒక్క చోటు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. తిండి, రెండు గంటల నిద్ర, సాయంత్రం దగ్గర్లోని పార్కో, నీళ్ల దగ్గరో. మధ్యాహ్నం నిద్ర తప్పించి ఇంకో చోటు చూద్దామనుకుంటే సాయంత్రం మొత్తం ఏడుపుతో పోతుంది, మర్నాడు పొద్దున కూడా.

గది దాటే ముందు ప్రతి రోజూ బిడ్డ ఫొటో ఒకటి తీయండి, ఆ రోజు బట్టలతో. తప్పిపోతే ఏ రంగు చొక్కా అని అడిగినప్పుడు కంగారులో గుర్తురాదు. దేశం కోడ్‌తో సహా ఫోన్ నంబరు బిడ్డ ముంజేతి మీద పెన్నుతో రాసి, పైన పారదర్శక ప్లాస్టరు అంటించండి. అంబులెన్సు నంబర్లు ఫోన్‌లో ముందే ఎక్కించండి: సింగపూర్ 995, యూఏఈ 998, థాయిలాండ్ 1669.

పాస్‌పోర్టు పోతే స్థానిక పోలీసు ఫిర్యాదు, ఆ తర్వాత భారత రాయబార కార్యాలయం. ఇంటికి తిరిగొచ్చేందుకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అప్పుడు బిడ్డ ఫొటోలు, పాస్‌పోర్టు నకలు, జనన ధ్రువపత్రం నకలు అడుగుతారు కాబట్టి ఇద్దరి ఫోన్లలోనూ, ఇంట్లో ఉన్న ఒకరి ఫోన్‌లోనూ ఉంచండి.

తిరిగొచ్చాక మూడు వారాల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఏ దేశానికి వెళ్లొచ్చారో, ఏ తేదీన దిగారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. డెంగీ దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు జ్వరం బయటపడుతుంది, ఏ పరీక్ష ముందు చేయాలో ఆ తేదీ చూసే నిర్ణయిస్తారు.